తెలుగు ఖతులు: స్వేచ్ఛ ఎంతవరకు?

కంప్యూటరులో అక్షరముల ఆకృతులను అందించు ఫైలును ఖతి అందుము. క్రొత్త ఖతి కనబడగానే మనవారు "వెల ఎంత?" అని అడుగుదురు. "దీనిని సరిదిద్దుకొను హక్కు నాకు కలదా? కలిగినను, అందుకు కావలసిన పనిముట్టు ఎవరి చేతిలో నున్నది?" అని అడుగువారు అరుదు.

తిరుమల కృష్ణ దేశికాచారిగారి పోతన, వేమన ఖతులు గ్ను జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద వెలువడినవి. తరువాత సిలికానాంధ్ర వారు మండలి, గిడుగు, రామభద్ర మున్నగువానిని ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద ప్రజల కిచ్చిరి. రెండును గొప్ప దానములే. అయితే రెండు లైసెన్సులును ఒకటి కావు.

మొదటిది ప్రోగ్రాముల కొరకు పుట్టినది. ఖతిని పత్రములో పొదిగినచో ఆ పత్రమునకు కూడ లైసెన్సు వర్తించునా అను సందేహము దానివలన కలిగెను. అందుచేతనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారు ఖతులకు ఒక మినహాయింపు వాక్యమును సూచించిరి. రెండవదానిలో ఈ చిక్కు లేదు. ఉపాధ్యాయుడు ఆ ఖతితో ప్రశ్నపత్రము అచ్చువేసినను, పుస్తకము వేసి అమ్మినను అడ్డు లేదు; ఖతిని మాత్రము విడిగా అమ్మరాదు. ఇంతవరకు రెండవదే మేలు. కాని మొదటిది సోర్సు నీయవలసినదే యని పట్టుబట్టును, రెండవది పట్టుబట్టదు. నా ఆక్షేపణ ఇక్కడనే.

ఖతికి సోర్సు ఏమిటి? అక్షరముల బొమ్మలు మాత్రమే కాదు. "స్త్రీ" అను మాటను కంప్యూటరు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములుగా దాచును. వీనిని కూర్చి, ఒత్తులను తగిన చోట నిలుపు నియమములు ఖతిలోనే యుండును. తెలుగు ఖతికి ప్రాణము ఈ నియమములే. భారతీయ లిపుల ఖతులలో పెక్కింటికి వీనిని మైక్రోసాఫ్టువారి వోల్ట్ అను పనిముట్టుతో వ్రాసిరి. ఆనాడు అది వెల లేనిదే. కాని దాని సోర్సు సంస్థవారి యొద్దనే యుండెను, విండోసు మీద తప్ప నడచెడిది కాదు. అనగా స్వేచ్ఛా ఖతి స్వేచ్ఛ లేని పనిముట్టుపై ఆధారపడినది. డెబియన్ వారి నియమము ప్రకారము, నిర్మాణమునకు స్వేచ్ఛ లేని పనిముట్టు కావలసినవి ప్రధాన భాండారమున చేరరాదు. అట్టివానికి "కాంట్రిబ్" అను వేరొక విభాగము కలదు. ఇది చాదస్తమని కొందరందురు. నేను అనను. లినక్సు రచయితలు 2002 నుండి బిట్‌కీపర్ అను పరాధీన సాధనమును వెల లేకుండ వాడుకొనిరి. 2005లో ఆ సంస్థ అనుమతిని ఉపసంహరించుకొనగా లైనస్ టోర్వాల్డ్స్ హుటాహుటిగా గిట్‌ను వ్రాసికొనవలసివచ్చెను. అట్టి సమర్థులు అందరికి దొరకరు గదా!

మా ప్రకాశం జిల్లా ప్రత్తి రైతుకు ఈ సంగతి వేరొక రూపమున తెలియును. సంకర విత్తనమును దాచి మరల నాటవచ్చునని ఎవరు అనుమతించినను, రెండవ తరమున మొదటి గుణము నిలువదు. మరుసటి ఏడు మరల విత్తనాల కొట్టుకు పోవలసినదే.

తెలుగునకు దీనివలన కలుగు చిక్కు ఊహామాత్రము కాదు. ప్రాచీన శాసనములలో కనబడు ౚ అను అక్షరము యూనికోడులో 2015లో చేరినది. నకారపొల్లు 2021లో చేరినది. అంతకు ముందటి ఖతులలో వీనిని ఎవరైనను పూనుకొని చేర్చవలసినదే. నకారపొల్లు ఒంటరి అక్షరము గనుక బొమ్మ గీచిన చాలును. ౚ అట్టిది కాదు. దానికి గుణింతము కావలెను, ఒత్తులతో పొత్తు కుదరవలెను. నియమముల మూలప్రతి లేనిచో, సిద్ధమైన ఖతినుండి వానిని వెనుకకు లాగుట సాధ్యమే గాని, రచయిత పెట్టిన పేర్లు, వివరణలు పోయి, కుట్టు విప్పిన చొక్కా ముక్కలవలె చేతికి వచ్చును.

ఖతి నిచ్చువారు నియమములను సాదా టెక్స్టు ఫైలుగా వ్రాసి జతపరచిన ఈ చిక్కు చాలవరకు తీరును. ఫాంట్‌ఫోర్జ్ అను స్వేచ్ఛా పనిముట్టు అట్టి ఫైలును చదువగలదు. విండోసు లేని పాఠశాలలోను నడచును. పదవ తరగతి విద్యార్థి దానిని తెరచి, "స్త్రీ"లోని రావత్తు ఏ పంక్తివలన తన చోటికి చేరుచున్నదో వెదకి చూడవచ్చును.