వాక్యంలోకి వచ్చిన ఉద్యోగం: ఆస్టిన్ క్లియాన్ రచనల పరిశీలన

రచయిత బతుకుతెరువుకూ రచనకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా వస్తువు వైపే చూస్తాం. రావిశాస్త్రి (1922–1993) విశాఖపట్నంలో న్యాయవాది. కోర్టు వరండాల్లో పడిగాపులు కాసే ముద్దాయిలు, సాక్షులు, పోలీసులు ఆయన కథల్లోకి నడిచి వచ్చారు. 'ఆరు సారా కథలు' చదివినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ వృత్తి రచనకు సరుకు ఇచ్చింది. అయితే ఉద్యోగం రచనలోకి ఇంకో దారిన కూడా వస్తుంది. అప్పుడది రచయిత ఏం రాశాడన్న దాంట్లో కాక, ఎలా రాశాడన్న దాంట్లో కనిపిస్తుంది. వాక్యం పొడవు, పుస్తకం ఆకారం, పాఠకుణ్ణి పలకరించే తీరు దాని గుర్తులు. ఈ భాగంలో అలాంటి రచయితను ఒకరిని పరిశీలిద్దాం. ఆయన పగలు మార్కెటింగ్ సంస్థలో ప్రకటనలు రాశాడు. మిగిలిన వేళల్లో సొంత బ్లాగు ద్వారా పాఠకులను సంపాదించుకున్నాడు. చివరికి ఉద్యోగం వదిలి పూర్తికాల రచయిత అయ్యాడు. మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనే చదువుకుంటున్నారు. కొందరు రాస్తూ కూడా ఉండవచ్చు. అలాంటివారికి ఆయన పుస్తకాలు ఎవరో ఒకరు సిఫార్సు చేసే ఉంటారు. వాటిని భక్తితో కాకుండా విమర్శకుల చూపుతో చదవడం ఈ పరిశీలన ఉద్దేశం.

నలుపులో మిగిలిన మాటలు

ఆస్టిన్ క్లియాన్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1983లో పుట్టాడు. చదువయ్యాక మొదట ప్రజా గ్రంథాలయంలో పనిచేశాడు. తర్వాత టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరానికి మారాడు. (పేరూ ఊరూ ఒకటే కావడం కాకతాళీయం.) అక్కడ ఒక న్యాయ కళాశాలకు వెబ్‌సైట్ రూపకర్తగా, ఆ తర్వాత డిజిటల్ మార్కెటింగ్ సంస్థలో కాపీరైటర్‌గా ఉద్యోగాలు చేశాడు.

2005లో, కథలు రాద్దామని కూర్చుంటే కలం సాగని రోజుల్లో, ఆయన ఇంట్లో పేరుకున్న దినపత్రికలను ముందేసుకున్నాడు. ఒక వార్తాకథనం తీసుకుని, అందులో తనకు నచ్చిన నాలుగైదు మాటల చుట్టూ గీతలు గీసి, తక్కిన దానినంతా లావుపాటి నల్ల మార్కరుతో కొట్టేశాడు. మిగిలిన మాటలను వరుసగా చదివితే ఒక చిన్న కవిత. వీటినే బ్లాకౌట్ కవితలు అంటున్నారు. ఒక్కొక్కటిగా బ్లాగులో పెడుతూ పోతే పాఠకులు పెరిగారు. 2010లో అవి 'న్యూస్‌పేపర్ బ్లాకౌట్' అనే పుస్తకంగా వచ్చాయి.

ఈ ప్రక్రియ ఆయన కనిపెట్టింది కాదు. బ్రిటిష్ చిత్రకారుడు టామ్ ఫిలిప్స్ 1966లో ఒక పాత విక్టోరియన్ నవలను మూడు పెన్నీలకు కొని, దాని పేజీల మీద బొమ్మలు వేసి, అక్కడక్కడా మాటలు మిగిల్చి 'ఎ హ్యూమ్యుమెంట్' అనే పుస్తకం చేశాడు. దానిని దాదాపు యాభై ఏళ్లపాటు మళ్లీ మళ్లీ సవరిస్తూనే ఉన్నాడు. మీది ఆయనకు నకలు కదా అని పాఠకులు అడిగినప్పుడు క్లియాన్ ఉడుక్కోలేదు. ఆ వంశవృక్షాన్ని ఇంకా వెనక్కి తవ్వి, 18వ శతాబ్దపు ఇంగ్లాండులో పత్రిక కాలమ్‌లను అడ్డంగా చదివి నవ్వులు పూయించిన కేలబ్ వైట్‌ఫర్డ్ వరకూ వెళ్లాడు. గ్రంథాలయ ఉద్యోగం నేర్పిన వెతుకులాట ఇక్కడ పనికొచ్చింది.

ప్రక్రియను కాస్త దగ్గరగా చూడండి. దీనికి కావలసినవి పత్రిక ముక్క, మార్కరు, పావుగంట. బస్సులో సీటు దొరికితే అక్కడే చెయ్యవచ్చు, భోజన విరామంలో చెయ్యవచ్చు. నవలకు కావలసిన నిరంతరాయమైన మూడు గంటలు దీనికి అక్కరలేదు. అంటే ఈ రూపాన్ని కవి ఎంచుకున్నాడనడం సగమే నిజం. ఉద్యోగం మిగిల్చిన సమయమే తనకు సరిపడే రూపాన్ని వెతుక్కుంది. ఇది చిన్నచూపుతో అంటున్న మాట కాదు. పరిమితి నుంచి రూపం పుట్టడం ప్రతి సాహిత్యంలోనూ ఉన్నదే.

నిజానికి ఈ కవితల్లో ఒక ఎదురీత ఉంది. కాపీరైటర్ పని మాటలు పేర్చి వస్తువును అమ్మడం. ఇక్కడ క్లియాన్ చేసింది దానికి పూర్తిగా తలకిందులు. అప్పటికే అచ్చయి, అమ్ముడయి, మర్నాటికి పాతబడే మాటలను తీసుకుని, వాటిలో తొంభై వంతులు చెరిపేసి, ఎవరికీ అమ్మనక్కరలేని నాలుగు మాటలు మిగిల్చాడు. మార్కరు వాసన, చేతికంటిన మసి, కాగితం వెనక్కి ఇంకిన నలుపు — తెర ముందు కూర్చుని చేసే కొలువుకు ఇవన్నీ విరుగుడు. పుస్తకంలోని కవితలన్నీ ఒక స్థాయివి కావు. కొన్ని చాటుమాటలా చమక్కుమని ఆగిపోతాయి. ప్రకటన చివరి పంక్తి కూడా అలాగే ఆగుతుంది, అది గమనించండి. నలుపు పేజీనంతా ఆక్రమించి, మిగిలిన మాటలు చీకట్లో దూరదూరంగా వెలిగే దీపాల్లా ఉన్నచోట మాత్రం కవిత్వం ఉంది. అక్కడ కొట్టేసిన మాటలు కూడా అర్థంలో పాలు పంచుకుంటాయి.

అమ్మే వాక్యం

2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో క్లియాన్ ప్రసంగించాడు. ఆ వయసులో తనకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనుకున్న 10 విషయాలను జాబితాగా చెప్పాడు. దానిని బ్లాగులో పెడితే విపరీతంగా వ్యాపించింది. మరుసటి ఏడు అదే 'స్టీల్ లైక్ యాన్ ఆర్టిస్ట్' పుస్తకమైంది. 2014లో 'షో యువర్ వర్క్', 2019లో 'కీప్ గోయింగ్' వచ్చాయి. మూడూ చదరపు ఆకారం పుస్తకాలే. మూడింటిలోనూ పదేసి సూత్రాలే.

కవితల పుస్తకం పక్కన వీటిని పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. చేతిరాతలో పెద్ద అక్షరాలతో ఒక మాట, పక్కన చిన్న బొమ్మ, కింద రెండు మూడు పేరాలు. ఏ పేజీకి ఆ పేజీ విడిగా నిలబడుతుంది. ఫోటో తీసి ఎవరికైనా పంపించవచ్చు. వాక్యం పొట్టిది, క్రియ ఆజ్ఞార్థకం: ఇది చెయ్యి, అది మానెయ్యి. గ్రంథాలయం తనకు పరిశోధన నేర్పిందనీ, వెబ్ ఉద్యోగం సైటు కట్టడం నేర్పిందనీ, కాపీ రాసే ఉద్యోగం మాటలతో అమ్మడం నేర్పిందనీ క్లియాన్ తానే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ మెచ్చదగినది. అయితే విమర్శకులుగా మనం మరో అడుగు వెయ్యాలి. కవితల్లో ఆయన ఎదిరించిన నైపుణ్యానికే సలహా పుస్తకాల్లో కలం అప్పగించాడు. మొదటి సలహా పుస్తకంలో పదో సూత్రం సృజన అంటే తీసివేయడమే అంటుంది. ఆ మాటను కవితల పుస్తకం చేసి చూపింది, ఈ పుస్తకం చెప్పి ఊరుకుంది.

ఇది ఒక్క క్లియాన్ సంగతే అయితే స్వభావం అని సరిపెట్టుకోవచ్చు. హ్యూ మాక్లియాడ్‌ను చూడండి. ఆయనా ప్రకటనల రచయితే. 1990ల చివర న్యూయార్క్‌లో విజిటింగ్ కార్డుల వెనక వైపు చేదు హాస్యంతో కార్టూన్లు గీసేవాడు. తర్వాత వాటిని 'గేపింగ్‌వాయిడ్' బ్లాగులో పెట్టి పేరు తెచ్చుకున్నాడు. సృజనకారుడికి ఎప్పుడూ రెండు పనులుంటాయి, ఒకటి మోజుకు, ఒకటి కూటికి, ఆ రెంటి మధ్య పీకులాట తీరేది కాదు అన్నది ఆయన ప్రసిద్ధమైన సిద్ధాంతం. 2009లో వచ్చిన ఆయన పుస్తకం 'ఇగ్నోర్ ఎవ్రీబడీ' కూడా సూత్రాల జాబితాయే. ఈసారి 40. కంపెనీల మీద వెటకారంతో మొదలైన గీత క్రమంగా కంపెనీల గోడలకే చేరింది. ఇద్దరి విషయంలోనూ జరిగింది ఒకటే: బ్లాగు పాఠకులు కళాకృతి కోసం వచ్చారు, కానీ నువ్విది ఎలా చేశావో చెప్పమని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నకు జవాబే ఎక్కువగా అమ్ముడుపోయింది.

దాచుకున్న పని

ఉద్యోగం వదలవద్దు అన్నది క్లియాన్ సలహాల్లో అన్నిటికన్నా గట్టిది. జీతం స్వేచ్ఛనిస్తుంది, నలుగురిలోకి తీసుకువెళుతుంది, దినచర్యకు ఒక కట్టుబాటు ఏర్పరుస్తుంది అంటాడు. సరైన ఉద్యోగానికి లక్షణాలు కూడా చెబుతాడు: చాలినంత జీతం, కడుపులో తిప్పని పని, సాయంత్రానికి కొంత ఓపిక మిగలడం. మూడోది చాలా తేలిగ్గా అనేశాడు. మన ఊళ్లలో మార్కెటింగ్ అంటే ఎక్కువమందికి ఎయిర్ కండిషన్ గదిలో కాపీ రాయడం కాదు. మెడికల్ రిప్రజెంటేటివ్‌కు సాయంత్రమే అసలు డ్యూటీ. ఓపీ ముగిసేదాకా డాక్టరు గది బయట నిలబడాలి. టార్గెట్ నెలాఖరున మెడ మీదే ఉంటుంది. అటువంటివారికి రోజూ ఎంతో కొంత నలుగురికీ చూపించమన్న రెండో పుస్తకం సలహా ఇంకో టార్గెట్ అయి కూర్చుంటుంది.

ఇదే ఉద్యోగం చేస్తూ రోజూ నలుగురికీ చూపించకుండా రాసినవారూ ఉన్నారు. జోసెఫ్ హెల్లర్ న్యూయార్క్‌లో పత్రికల ప్రచార విభాగాల్లో పనిచేస్తూ, 1953లో మొదలుపెట్టిన నవలను సాయంత్రాలు రాశాడు. 1955లో ఒక అధ్యాయం మాత్రం అచ్చయింది. పూర్తి నవల 'క్యాచ్-22' వెలువడింది 1961లో. సల్మాన్ రష్దీ 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' (1981) రాసే రోజుల్లో లండన్‌లో ప్రకటనల సంస్థకు కాపీ రాసేవాడు. వీరి వాక్యాల్లో ప్రకటనల జాడ లేకపోలేదు, చమత్కారం అడుగడుగునా ఉంది. కానీ ఆ వాక్యం ఒక పేజీలో అయిపోదు. అది వందల పేజీల కట్టడంలో రాయిగా ఇమిడిపోయింది. ఆ కట్టడం లేచేవరకు పాఠకులు దానిని పూర్తిగా చూడలేదు కనుక, ఎవరి మెప్పుకోసమూ మధ్యలో ఆగలేదు.

బ్లాగు క్లియాన్‌కు అన్నీ ఇచ్చింది. పేరూ పరిచయాలూ లేని గుమాస్తా ఉద్యోగి సంపాదకుల గడప తొక్కకుండా పాఠకుడిని చేరగలిగాడు. దీనిని తక్కువ చెయ్యకూడదు. అది తీసుకున్నది నిదానాన్ని. ఈ సంగతి ఆయనకూ తెలిసినట్టే ఉంది. 'కీప్ గోయింగ్'లో ప్రతి సరదానూ సంపాదనగా మార్చుకోవద్దనీ, కొంత పనిని అమ్మకానికి దూరంగా ఉంచుకోమనీ హెచ్చరిస్తాడు. మూడు పుస్తకాల్లో నాకు నమ్మబుద్ధి అయిన అధ్యాయం అదే. అది కూడా చదరపు పేజీ మీద, పెద్ద అక్షరాల్లోనే ఉంది.

అభ్యాసం: మీ ఇంటికి వచ్చే తెలుగు దినపత్రికలో ఒక వార్తాకథనాన్నీ, ఒక పూర్తిపేజీ ప్రకటననూ తీసుకోండి. రెండింటి మీదా నల్ల మార్కరుతో బ్లాకౌట్ కవిత చెయ్యడానికి ప్రయత్నించండి. తెలుగులో విభక్తి ప్రత్యయాలు మాటకు అతుక్కునే ఉంటాయి కనుక, ఇంగ్లీషులోలాగా మాటలు విడివిడిగా దొరకవు. ఆ ఇబ్బందిని ఎలా దాటారో రాయండి. క్లియాన్ కవితలు చేయడానికి ప్రకటనలను కాక వార్తలను తీసుకోవడానికి కారణం ఏమై ఉంటుందో మీ అనుభవం ఆధారంగా ఒక పేజీకి మించకుండా చర్చించండి.