విక్డ్ సూటిదనం, నెట్‌వర్క్‌మేనేజర్ ఓర్పు

పదిహేనేళ్ల కిందట లినక్స్ వాడేవాళ్ల మధ్య ఒక సలహా మంత్రంలా తిరిగేది. వైఫై సతాయిస్తోందా? నెట్‌వర్క్‌మేనేజర్ తీసేసి విక్డ్ పెట్టు. నేను పాటించాను, నలుగురికీ చెప్పాను. ఇప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట ఆనాడు ఎందుకు నిజమో, ఈనాడు ఎందుకు చెల్లదో తెలుస్తోంది. ల్యాప్‌టాప్ సంగతి వేరు. నేను మాట్లాడేది బల్ల దగ్గర కదలకుండా ఉండే డెస్క్‌టాప్ గురించి.

మొదట ఒక విషయం. రౌటర్‌తో పాస్‌వర్డ్ సరిచూసుకునే అసలు పని ఈ రెండూ చెయ్యవు. ఆ పని డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ది. యౌని మాలినెన్ 2003లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. విక్డ్, నెట్‌వర్క్‌మేనేజర్ దాని పైనుండే మేస్త్రీలు. ఏ నెట్‌వర్క్‌కి కలవాలి, ఎప్పుడు కలవాలి, తెగిపోతే ఏం చెయ్యాలి అన్నవి చూసుకుంటాయి. కూలీ ఒకడే, మేస్త్రీలు ఇద్దరు. కాబట్టి ఏది వేగం అన్న ప్రశ్న కంటే, పని చెడినప్పుడు ఎవరు ఎలా నడుచుకుంటారన్నదే అసలు పరీక్ష.

రెడ్‌హ్యాట్ 2004లో నెట్‌వర్క్‌మేనేజర్‌ని తెచ్చింది, ఇల్లూ ఆఫీసూ తిరిగే ల్యాప్‌టాప్ మనిషిని మనసులో పెట్టుకుని. అందుకే నెట్‌వర్క్‌ని లాగిన్ అయిన మనిషికి ముడివేసింది. తొలి వెర్షన్లలో మనం దాచుకున్న వైఫై వివరాలు ప్యానెల్ మీది ఆప్లెట్ దగ్గరే ఉండేవి, లాగిన్ అయ్యేదాకా కనెక్షన్ వచ్చేది కాదు. ల్యాప్‌టాప్‌కి ఇది పెద్ద లోటు కాదు. డెస్క్‌టాప్‌కి పెద్ద లోటే. ఎండాకాలం కరెంటు పోయి వస్తుంది, మిషన్ దానంతటది లేస్తుంది, ఎదురుగా ఎవరూ ఉండరు. పక్క గదిలోంచి దానిలోని ఫైలు తెరుద్దామంటే అది నెట్‌వర్క్‌లోనే ఉండదు.

విక్డ్ దీనికి సూటిగా జవాబిచ్చింది. కనెక్షన్ మనిషిది కాదు, మిషన్‌ది అంది. మిషన్ లేస్తూనే దాని సర్వీసు లేచేది. ప్రతి నెట్‌వర్క్ పక్కనా దానంతటదే కలవమని టిక్కు పెట్టే చోటు ఉండేది, పెడితే ఆ తర్వాత అడిగేది కాదు. పైథాన్‌లో రాశారు, గ్నోమ్ లైబ్రరీలు లాక్కొచ్చేది కాదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్‌ల మీదా, ఉత్త టెర్మినల్లోనూ నడిచేది. ఒక్క కిటికీలో అంతా కనిపించేది. ఆ కాలానికి అది మంచి రచన, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

కానీ అన్నీ సరిగ్గా ఉన్నంతసేపే ఆ సూటిదనం నిలిచేది. వైఫై కార్డు పేరేమిటో విక్డ్ సెట్టింగుల్లో ఒక గడిలో రాసి ఉండాలి. అక్కడ మామూలుగా డబ్ల్యూలాన్ సున్నా అని ఉండేది. 2013లో సిస్టమ్‌డీ కార్డులకు కొత్త పద్ధతిలో పేర్లు పెట్టడం తెచ్చింది. గడిలో మాత్రం పాత పేరే. అప్పుడు విక్డ్ చెప్పేది ఒకటే: వైర్‌లెస్ నెట్‌వర్క్‌లేవీ దొరకలేదు. తప్పు కార్డుదా, డ్రైవర్‌దా, రౌటర్‌దా? ఏమీ చెప్పదు. నేనొక ఆదివారమంతా డ్రైవర్లు మార్చి, చివరికి ఆ గడి దగ్గరికి వచ్చాను.

అదే చోట నెట్‌వర్క్‌మేనేజర్ పరికరం అందుబాటులో లేదనో, అది తన అజమాయిషీలో లేదనో చెబుతుంది. డెబియన్‌లో పాత పద్ధతి ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో కార్డు పేరు ఉంటే తాను పక్కకి తప్పుకుంటుంది. కొత్తవాళ్లు దీన్ని లోపమనుకుంటారు. నాకది మర్యాదగా కనిపిస్తుంది. ఒకే కార్డు మీద రెండు చేతులు పడితే ఒకటి కలిపింది ఇంకొకటి తెంచుతుంది. లోపం లేకపోలేదు. సిగ్నల్ బలహీనమై కలవలేకపోయినా కొన్నిసార్లు మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. సరైన పాస్‌వర్డ్‌ని తప్పనుకుని మార్చేసినవాళ్లున్నారు.

2011లో వచ్చిన 0.9 వెర్షన్‌తో నెట్‌వర్క్‌మేనేజర్ లాగిన్ దాకా ఆగే తన పాత తప్పు దిద్దుకుంది. కనెక్షన్ల వివరాలన్నీ సర్వీసు చేతికే వచ్చాయి. అందరికీ అని గుర్తు పెట్టిన కనెక్షన్ లాగిన్‌కి ముందే లేస్తుంది. విక్డ్ వాదనలో అసలు బలం అక్కడే పోయింది. 2020 మొదట్లో పైథాన్ 2 కాలం ముగిసింది. విక్డ్ దాన్ని దాటి రాలేదు, 2021లో వచ్చిన డెబియన్ 11లో దానికి చోటు లేదు. పాస్‌వర్డ్ చేతిలో పెట్టుకున్న ప్రోగ్రామ్‌ని బాగుచేసేవాళ్లు లేనప్పుడు ఎంత ఇష్టమైనా ఉంచుకోకూడదు.

ఈ మాటల్లో వినిపించే ఇంకో పేరు, ఇంటెల్ వాళ్ల ఐడబ్ల్యూడీ, మూడో మేస్త్రీ కాదు, కొత్త కూలీ. 2019లో 1.0 వచ్చింది. గుప్తీకరణకు కెర్నల్‌నే వాడుకుంటుంది, చిన్నది, చకచకా కలుస్తుంది. ఒంటరిగా వాడితే ఐపీ అడ్రస్ తెచ్చుకునే సెట్టింగు మనమే తెరవాలి, మొదట్లో అది మూసి ఉంటుంది. లేదా నెట్‌వర్క్‌మేనేజర్ కింద సప్లికెంట్ స్థానంలో పెట్టవచ్చు, కాన్ఫిగ్‌లో ఒక్క వరుస చాలు. మూడో మేస్త్రీ అంటే కాన్‌మ్యాన్, అది టీవీకి పెట్టుకునే లిబ్రెఎలెక్‌కీ, సెయిల్‌ఫిష్ ఫోన్లకీ నప్పుతుంది. డెస్క్‌టాప్‌కి నేను పెట్టను.

నా ఓటు నెట్‌వర్క్‌మేనేజర్‌కే, రెండు మార్పులతో. కనెక్షన్‌ని వినియోగదారులందరికీ అని గుర్తు పెట్టి పాస్‌వర్డ్‌నీ అలాగే దాచండి, లేకపోతే లాగిన్‌కి ముందు దాన్ని ఇచ్చేవాళ్లుండరు. వైఫై పవర్‌సేవ్ ఆపండి. ఉబుంటు దాన్ని 3 అని పెట్టి ఇస్తుంది, అంటే పొదుపు చెయ్యమని. గోడ ప్లగ్గు మీద నడిచే మిషన్‌కి ఆ పొదుపెందుకు? 2 చెయ్యండి. ఇనుప బల్ల కింద, గోడవైపు తిరిగి ఉన్న యాంటెన్నాకి మాత్రం ఏ మేస్త్రీ సాయపడలేడు, దాన్ని పైకి తీసి పెట్టండి.

మీ ఇంట్లో విక్డ్ మీద నడుస్తున్న పాత మిషన్ ఇంకా ఉంటే ఈ ఆదివారమే మార్చండి. విక్డ్‌ని ముందే పీకేయకండి. అది నెట్ ఇస్తుండగానే నెట్‌వర్క్‌మేనేజర్ ప్యాకేజీలు దించుకుని, తర్వాత విక్డ్ సర్వీసు ఆపండి. మధ్యలో తెగితే ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెట్టండి. నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని మామూలు వైర్ కనెక్షన్‌గానే తీసుకుంటుంది.