వాకిటి తీర్పు

లఘుచిత్రమనగా అల్పచిత్రమని తలచువారు మనలో పెక్కురు కలరు. అమరుకుని ముక్తకములు ప్రబంధములతో తులతూగునని ఆనందవర్ధనాచార్యులు వెనుకటికే చెప్పియున్నారు. నిడివినిబట్టి కళకు గౌరవము రాదు. కావున లఘుచిత్రముల పోటీలను గూర్చియు, అందలి న్యాయనిర్ణేతలను గూర్చియు విచారించుట వృథాకాలక్షేపము కాదని మా యభిప్రాయము.

పెద్ద చిత్రమునకు బహుమానము రాకున్నను ప్రదర్శనశాలలు కలవు. టిక్కెట్టు కొని చూచువారు కలరు. లఘుచిత్రమునకు అట్టి యంగడి లేదు. అంతర్జాలమున ఉంచరాదా యందురేమో. ఉంచవచ్చును; కాని అచ్చటి దృశ్యముల వెల్లువలో దానిని వెదకి చూచువారెందరు? చలనచిత్రోత్సవమే దానికి సంత, అదియే పండితసభ.

ఈ సభలో తీర్పరులు రెండు తెగలవారు. చివర బహుమానములిచ్చు జ్యూరీని అందరు నెరుగుదురు. వారి పేర్లును ఛాయాపటములును పత్రికలలో వచ్చును. అంతకుముందే, వచ్చిన చిత్రములలో వేనిని పోటీకి రానీయవలెనో నిర్ణయించు ఎన్నికసంఘ మొకటి కలదు. ఆ సంఘము త్రిప్పిపంపిన చిత్రము జ్యూరీ కంటబడనే బడదు. కఠినమైన తీర్పు వేదికమీద గాక వాకిటనే జరుగుచున్నదన్నమాట.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. డాక్యుమెంటరీ, లఘు, యానిమేషను చిత్రముల కొరకు ఫిల్మ్స్ డివిజను 1990లో బొంబాయియందు అంతర్జాతీయోత్సవము నారంభించెను. 2004వ సంవత్సరపు టుత్సవమునకు స్వదేశచిత్రములు సెన్సారు యోగ్యతాపత్రము తేవలెనని నియమము పెట్టిరి. విదేశచిత్రములకు ఆ నిర్బంధము లేదు. చిత్రకారులు ఏకమై యెదిరింపగా నియమము తొలగెను. కాని పిమ్మట ఎన్నికలో పెక్కు చిత్రములు త్రోసివేయబడెను. గుజరాతులో 2002లో జరిగిన ఘోరములపై రాకేశ్ శర్మ తీసిన 'ఫైనల్ సొల్యూషన్' వానిలో నొకటి. అది నిడివిలో లఘువు కాదు. కాని వాకిలి యొక్కటే. ఆ యేటనే అది బెర్లినులో పురస్కారము నందెను. సెన్సారు దొడ్డిదారిని మరల వచ్చినదని తలచిన చిత్రకారులు అదే సమయమున ముంబయిలోనే 'వికల్ప్' అను వేరుత్సవమును జరిపిరి.

ఎన్నికసంఘము వారి మనస్సులలో నేమున్నదో మేము చెప్పజాలము. చెప్పజాలకపోవుటయే మా యాక్షేపణ. గుణమునుబట్టి త్రోసిరో, భయమునుబట్టి త్రోసిరో తెలియనిచోట మంచి తీర్పును సైతము జనులు శంకింతురు.

ఈ భయమును మేమెరుగుదుము. ఒకప్పుడు పాఠశాలలో జరిగిన వ్యాసపు పోటీకి మేము పరీక్షకులమైతిమి. పెద్దలను ఎత్తిపొడిచిన బాలుని వ్యాసము నొకదానిని శైలీదోషమను నెపమున తీసివేసితిమి. దోషము శైలిలో లేదు, మాలోనే యుండెను. కారణము వ్రాసి సంతకము చేయవలసివచ్చినచో ఆ పని చేసియుండము.

వేలకొలది చిత్రములు వచ్చునప్పుడు ప్రతిదానికి కారణము వ్రాయుట సాధ్యమా యని యడుగవచ్చును. సాధ్యము కాదు. కాని ఎన్నికసంఘమువారి పేర్లను ముందుగా ప్రకటింపవచ్చును. నియమములు స్వదేశీయులకును విదేశీయులకును సమముగా నుంచవచ్చును. బహుమానముతోపాటు జ్యూరీ నాలుగు వాక్యముల సమర్థనము నీయవచ్చును. ఫ్రాన్సులోని క్లెర్మాఁ ఫెరాఁ లఘుచిత్రోత్సవములో అంతర్జాతీయ, జాతీయ, ప్రయోగచిత్రములకు పోటీలు వేరువేరుగా జరుగును. ప్రేక్షకుల బహుమానమును కలదు. ఐదు నిమిషముల ప్రయోగమును అరగంట కథను ఒకే త్రాసున తూచుటకంటె ఇది మేలు గదా.

బహుమానము పొందిన చిత్రమును మన గృహములలో అందరు కూర్చుండి చూతుము, మంచిదే. ఇకమీదట దానితోపాటు, వాకిటనుండి మరలిన చిత్రమేదియని కూడ విచారింతుము గాక. చూచువారడిగిననాడే తీర్పరులు జవాబు చెప్పుట నేర్తురు.