వెంకమ్మగారి భూమి

కన్యాశుల్కం మీద మనవాళ్లు వ్రాసినంత మరే నాటకం మీదా వ్రాసి ఉండరు. మధురవాణిని గురించి వ్రాశారు, గిరీశాన్ని గురించి వ్రాశారు, ఆఖరికి గిరీశం చుట్టను కూడా వదిలిపెట్టలేదు. ఈమధ్య ఆ రెండో కూర్పు, అదే 1909 నాటిది, మళ్లీ తిరగేస్తుంటే పండితులు పెద్దగా పట్టించుకోని ఒకావిడ దగ్గర ఆగిపోయాను. అగ్నిహోత్రావధాన్లుగారి భార్య వెంకమ్మ.

ఏం చేసిందావిడ? కొడుకు ఇంగ్లీషు చదువుకి అవుతున్న ఖర్చు చూసి అవధాన్లుగారు చిందులు తొక్కితే, పుట్టింటివారు పసుపుకుంకాల కింద ఇచ్చిన భూమి అమ్మయినా వాణ్ణి చదివించుకుంటానని ఎదురు నిలిచింది. అంతే. అక్కడ నవ్వేసి మనం పేజీ తిప్పేస్తాం. ఎందుకంటే ఆ కొడుకు వెంకటేశం మరి! మీ దగ్గర చుట్ట కాల్చడం తప్ప మరేం నేర్చుకోలేదని గురువుగారితోనే మొరపెట్టుకున్న ఘనుడు. ఆ గురువుగారు సెలవుల్లో శిష్యుడింట్లోనే విస్తరి వేయించుకున్నాడు. పైగా కొనాల్సిన పుస్తకాలంటూ ఉన్నవీ లేనివీ కలిపి పెద్ద జాబితా తయారుచేశాడు. ఇప్పటి కాలేజీ రసీదు చూసినవాళ్లకి ఆ జాబితా కొత్తేం కాదు. ట్యూషన్ ఫీజు ఒక గీత, దాని కింద స్పెషల్ ఫీజు, లైబ్రరీ, లేబొరేటరీ, బస్సు, ఇవేవీ కానిదానికి 'ఇతరములు'.

అయితే వెంకమ్మది వట్టి అమాయకత్వమేనా? నాకలా అనిపించదు. భర్తగారు దావాల్లో తగలేస్తున్న డబ్బు ఆవిడ కళ్లెదుటే ఉంది. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుందన్న లెక్కా ఆ రోజుల్లో తప్పు లెక్క కాదు. కూతురు సుబ్బిని పద్దెనిమిది వందలకు ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెడతానంటే మాత్రం పాపం నూతిదాకా వెళ్లింది. కొడుక్కోసం భూమి, కూతురికోసం నుయ్యి. ఆవిడ చేతిలో ఉన్నవి ఆ రెండే.

ఇక్కడ గురజాడవారి సొంత కథ కూడా చెప్పుకోవాలి. తండ్రి పోయాక ఆయన విజయనగరంలో వారాలు చేసుకుని చదువుకున్నారు. తర్వాత మహారాజా కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు తమ దగ్గర ఉంచుకుని అన్నం పెట్టారు. 1882లో మెట్రిక్యులేషను, 1886లో బి.ఎ. ప్రిన్సిపాలుగారి పేరు చరిత్రలో ఉంది. వారాలు పెట్టిన ఇల్లాళ్ల పేర్లేవీ? సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకో ఇల్లు. ఉన్న గిన్నెడు అన్నంలోనే ఒక కుర్రాడి వాటా తీసి పక్కన పెట్టింది ఆడవాళ్లే కదా! అదీ ఒక స్కాలర్‌షిప్పే. కాకపోతే అది ఒక్క కులంలోని మగపిల్లలకే దొరికేది. వారాలమ్మాయి అనే మాట మీరెప్పుడైనా విన్నారా?

అందుకే చదువు ఎవరి దయ మీదా ఉండకూడదని సర్కారు చేతికొచ్చింది. వచ్చాక ఏమయిందో మనందరికీ తెలిసిందే. కాపిటేషన్ ఫీజు కూడదని మన రాష్ట్రంలో 1983లో చట్టం చేశారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అంది. 2002లో అదే కోర్టు ఆ ఏర్పాటును కొట్టేసింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి, ఎన్ని ఇళ్లలో మొదటి ఇంజనీరు పుట్టాడో! మేలు జరగలేదని నేననను. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సొమ్ము తల్లుల ఖాతాల్లోనే వేశారు. ఆ పద్ధతి 2024 తర్వాత మారిందనుకోండి. సొమ్ము ఆలస్యమైనప్పుడు మాత్రం, ఎవరి ఖాతాలో పడాల్సిందైనా, ఆఫీసు గది ముందు నిలబడేది తల్లీబిడ్డలే.

మా వీధిలో ఒకావిడ అలాగే నిలబడింది. బకాయి కడితేగాని సర్టిఫికెట్లు ఇవ్వమన్నారట. సర్కారు ఇవ్వాల్సింది రాలేదు, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దగ్గర పడింది. రెండు జతల గాజులు బ్యాంకుకి వెళ్లాయి. "పసుపుతాడు ఉందిగా వదినా, చాలు" అంది నాతో, నవ్వుతూనే. నాకు చప్పున వెంకమ్మే గుర్తొచ్చింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొడుకు ఫీజు ఖర్చు కాదు, పెట్టుబడి. కట్నంలో తిరిగొస్తుందని లోపల్లోపల ఒక ధీమా. కూతురి ఫీజు మాత్రం రెండు ఖర్చుల్లో మొదటిది. అందుకే డబ్బు చాలనప్పుడు కొడుకుని పట్నంలో ప్రైవేటు కాలేజీకి పంపి, కూతుర్ని ఇంటి దగ్గరి డిగ్రీతో సరిపెడతారు. దానికి తెలివి తక్కువని ఎవరూ అనరు. "ఆడపిల్ల కదా, దూరం ఎందుకు" అంటారు. శుల్కం అనే మాట మనం నాటకం పేరులో తప్ప ఎక్కడా వాడం గాని, కన్యాశుల్కం, వరశుల్కం, విద్యాశుల్కం మూడూ ఒకే ఇనప్పెట్టెలోంచి కదా వెళ్లేది.

ఇక నాటకం చివర చూడండి. సౌజన్యారావు పంతులుగారు బుచ్చమ్మను చదువుకోవడానికి పూనా విడోస్ హోముకి పంపే ఏర్పాటు చేస్తారు. గిరీశం ఆఖరి విసుగు మాట మనకందరికీ కంఠస్థమే. ఆ విసుక్కి కారణం మాత్రం ఎవరికీ అంతగా గుర్తుండదు: తనకు దక్కుతుందనుకున్న అమ్మాయి బడికి పోతోంది! మరి పూనాకి రైలు ఖర్చెవరిది, అక్కడ పుస్తకాలకి ఎవరు పెట్టారు, సౌజన్యారావుగారి చేయి ఎన్నాళ్లు ఆడింది? వెంకమ్మ తన భూమిలో చిన్న చెక్కయినా ఈ పిల్లకోసం అమ్మనిచ్చేదా? అమ్మనిచ్చేదనే నేననుకుంటున్నాను. అడిగినవాళ్లుంటే.