కదిలితే పలికే బొమ్మ

1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గ్లోఫ్లో అనే ప్రదర్శన పెట్టారు. చీకటి గది. గోడల వెంట మెరిసే ద్రవం నింపిన గొట్టాలు. నేలలో కాలు పడితే పసిగట్టే పలకలు, వాటి వెనక ఒక కంప్యూటర్. ఎవరు ఎక్కడ అడుగేశారన్నదాన్ని బట్టి వెలుగులు, శబ్దాలు మారేవి. వచ్చినవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియనే లేదు. గది ప్రశాంతంగా ఉండాలని అడుగుకీ వెలుగుకీ మధ్య కావాలనే కొంత ఆలస్యం పెట్టారు. దాంతో ఏదో వెలుగుతోంది, ఏదో ఆరుతోంది అనుకున్నారే తప్ప, ఇదంతా మన కాలి చలవేనని వాళ్లకు తోచలేదు.

ఆ బృందంలో మైరన్ క్రూగర్ అనే కంప్యూటర్ సైన్స్ విద్యార్థి ఉన్నాడు. చూసేవాడి కదలికకు యంత్రం బదులిచ్చే ఇలాంటి ఇంటరాక్టివ్ కళకు అసలు ముడిసరుకు స్పందనేనని ఆయన అక్కడ గ్రహించాడు. బొమ్మ ఎంత అందంగా ఉంది అన్నది తర్వాతి మాట. మనిషి కదిలినప్పుడు యంత్రం ఎంతసేపట్లో, ఎంత మోతాదులో, ఏ తీరున బదులిచ్చిందన్నది ముందు. డెబ్బైల్లో ఆయన మొదలుపెట్టిన వీడియోప్లేస్‌లో సందర్శకుడి నీడ తెరమీదికి వస్తుంది, క్రిట్టర్ అనే చిట్టి జీవి ఆ నీడను పట్టుకుని నెత్తిమీదికి ఎగబాకుతుంది. చేతికి తొడుగు లేదు, తలకు టోపీ లేదు. ఒళ్లు కదిపితే చాలు.

ఈ కొలత పెట్టుకుని చూస్తే, నాలుగు గోడల మీదా ప్రొజెక్టర్లతో పేరున్న చిత్రకారుల బొమ్మలు తిప్పి టికెట్లు అమ్మే ప్రదర్శనలు చాలావరకు ఇంటరాక్టివ్ కళ కిందికి రావు. మీరు లోపల ఉన్నా లేకపోయినా అక్కడ అదే వీడియో ఆడుతుంది.

ఈ రంగంలో నాకు బాగా నచ్చేదేమిటంటే, పనిముట్లు తయారుచేసేవాళ్లూ వాటితో కళ చేసేవాళ్లూ పాఠం చెప్పేవాళ్లూ చాలాసార్లు ఒక్కరే. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జాన్ మేడా 1999లో డిజైన్ బై నంబర్స్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష తెచ్చాడు. 100 చుక్కల పొడవు, 100 చుక్కల వెడల్పున్న గడి. నలుపు, తెలుపు, మధ్యలో బూడిద ఛాయలు. అంతే, రంగు ఊసే లేదు. ఆయన శిష్యులు కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ప్రాసెసింగ్ అనే భాష మొదలుపెట్టారు. అందులో రాసే ప్రోగ్రాముకు స్కెచ్ అని పేరు పెట్టడంలోనే వాళ్ల బోధన పద్ధతంతా ఉంది: గబగబా గీయి, నచ్చకపోతే పారేయి, ఇంకోటి గీయి. 2013లో లారెన్ మెకార్తీ అదే ఆలోచనను పీఫైవ్ జేఎస్ పేరుతో బ్రౌజర్‌లోకి తెచ్చింది. ఇప్పుడు ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే పాఠం మొదలుపెట్టవచ్చు.

స్కెచ్‌కు రెండు భాగాలుంటాయి. సెటప్ ఒక్కసారి నడుస్తుంది. డ్రా మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుంది. వృత్తం ఎక్కడుండాలన్న చోట అంకె బదులు మౌస్ ఉన్న చోటు అని రాస్తే చాలు, బొమ్మ చేతి వెంట కదులుతుంది. లూపులు, అరేలు, క్లాసులు అంటూ నెలలు గడిచాక ఆరు వరసల నక్షత్రాలు ముద్రించే మన ప్రోగ్రామింగ్ తరగతులతో దీన్ని పోల్చి చూసుకోండి. ఇక్కడ మొదటి గంటలోనే కంటికి ఏదో కనబడుతుంది. అది ఎందుకలా కదిలిందన్న ప్రశ్న విద్యార్థి నోటి నుంచే వస్తుంది.

మన బీటెక్ పిల్లలు గీత వెంట నడిచే రోబోల కోసం వాడే ఆర్డ్యునో బోర్డు కూడా ఈ వంశంలోదే. ఇటలీలోని ఇవ్రియా డిజైన్ సంస్థలో హెర్నాండో బరగాన్ ప్రాసెసింగ్‌ను చూసి 2003లో వైరింగ్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. దాని ఆధారంగా 2005లో అక్కడే ఆర్డ్యునో వచ్చింది. ఆర్డ్యునోలో సెటప్, లూప్ అని రెండు భాగాలుండటం, ప్రోగ్రామును స్కెచ్ అనడం ఆ చుట్టరికం వల్లనే. మోటార్లు తిప్పడానికి మనం వాడే బోర్డు డిజైనర్ల కోసం పుట్టిందని మన కాలేజీల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

కెమిల్ అటర్‌బ్యాక్, రోమీ అకిటువ్ 1999లో చేసిన టెక్స్ట్ రెయిన్ చూస్తే ఈ కళలో సాంకేతికత ఎంత సాదాగా ఉండొచ్చో తెలుస్తుంది. తెరమీద మీరు కనబడుతుంటారు, పైనుంచి అక్షరాలు వానలా రాలుతుంటాయి. చేయి చాపితే చేతిమీద ఆగుతాయి, ఎత్తితే లేస్తాయి. లోపల జరిగేది ఇంతే: అక్షరం ఉన్నచోట కెమెరా చుక్క వెలుతురుగా ఉంటే కిందికి జరుగు, ఒక హద్దును మించి చీకటిగా ఉంటే ఆగు, అవసరమైతే పైకి జరుగు. రాలేవి ఒక కవితలోని అక్షరాలు. ఒకరు చేతులు బారుగా చాపి, లేదా ఇద్దరు ముగ్గురు ఒక గుడ్డ పట్టుకుని నిలబడితే మాటలు పోగవుతాయి, ఒక్కోసారి పాదమంతా చదవొచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లను పక్కపక్కన నిలబెట్టడమే ఇందులోని కళ.

ఇదే తెలుగులో చేయబోతే మొదటి నిమిషంలోనే తలనొప్పి. మన కంటికి శ్రీ ఒకే అక్షరం. యూనికోడ్‌కు నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఇంగ్లీషు పాఠంలో ఉన్నట్టు మాటను ముక్కలు చేస్తే క్రావడి కాస్తా నిండు ర అయిపోతుంది, గుడి దీర్ఘం చుక్కల సున్నాను వెంటేసుకుని ఒంటరిగా రాలుతుంది. జావాస్క్రిప్ట్‌లో సెగ్మెంటర్ అనే పనిముట్టు ఉంది కానీ, పాత బ్రౌజర్లలో అదీ శ్రీని రెండుగా కోస్తుంది. తెలుగు పిల్లలకు ఇంతకంటే మంచి అభ్యాసం ఉండదు. ఒత్తులు విడిగా రాలి, చేతిమీద హల్లు కిందికి చేరి అతుక్కుంటే ఎలా ఉంటుందని అడిగే పిల్ల ఒక్కతి ఉన్నా ఆ తరగతి గట్టెక్కినట్టే.

స్పందనను మలిచే కిటుకుల్లో ఒకటి మాత్రం చెప్పి తీరాలి. బొమ్మ చేతిని టక్కున అంటుకుంటే యంత్రంలా ఉంటుంది. ప్రతి ఫ్రేములో, అంటే డ్రా నడిచిన ప్రతిసారీ, మిగిలిన దూరంలో ఇరవయ్యో వంతు మాత్రమే జరగనిస్తే, వేగంగా బయల్దేరి దగ్గరపడేకొద్దీ నెమ్మదిస్తుంది, ప్రాణమున్నట్టుంటుంది. ఆ వంతును వందోదిగా మారిస్తే బద్ధకం, సగానికి పెంచితే కంగారు. ఒక్క అంకెతో స్వభావమే మారిపోతుంది. పిల్లలతో ఆ అంకెను మార్పించి, ఇప్పుడు వీడి మనసెలా ఉందో చెప్పండని అడగాలి.

బోధనలో మేడా కాలం నుంచీ నిలిచిన అభ్యాసం గడియారం. అంకెలు, ముళ్లు లేకుండా పొద్దు తెలిసేలా తెరమీద ఏదైనా చేయాలి. గంట, నిమిషం, సెకను అనే మూడు అంకెలే చేతిలో ఉంటాయి. నిమిషాన్ని రంగుగా చూపాలా, బరువుగా చూపాలా? అర్ధరాత్రి 23 నుంచి సున్నాకు దూకేటప్పుడు ఏం జరగాలి? కోడ్ పది పంక్తులే. ఆలోచనకే వారం పడుతుంది. గోలన్ లెవిన్, టెగా బ్రెయిన్ 2021లో ఇలాంటి అభ్యాసాలను పోగేసి కోడ్ యాజ్ క్రియేటివ్ మీడియం అనే పుస్తకం వేశారు. ఇంకో పద్ధతి వింటే తేలిక, పాటించడం కష్టం: చేసినవాడు తన పని ముందు ఎవరినైనా నిలబెట్టి నోరు మూసుకుని చూడాలి. ఇలా చేయి ఊపండి అని చెప్పాల్సి వచ్చిందంటే స్పందన ఇంకా కుదరనట్టే.

ఎవరిని నిలబెడుతున్నామన్నదీ ముఖ్యమే. వెలుతురు హద్దుతో నడిచే పనిలో తెల్లగోడ ముందు తెల్లపంచె కట్టుకుని నిలబడ్డవాడు లేనట్టే లెక్క. దీనికంటే లోతైన చిక్కును జాయ్ బువోలమ్‌విని బయటపెట్టింది. ఎంఐటీలో చదువుతూ ఆమె ఆస్పైర్ మిర్రర్ అనే కళాప్రాజెక్టు చేసింది. అద్దంలో తన ముఖం మీద వేరే రూపాన్ని చూపే పని అది. అందులో వాడిన ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఆమె నల్లని ముఖాన్ని పట్టుకోలేదు. తెల్ల ముసుగు తొడుక్కుంటే పట్టుకుంది. ఆ దారినే వెళ్లి 2018లో టిమ్నిట్ గెబ్రూతో కలిసి జెండర్ షేడ్స్ అధ్యయనం వెలువరించింది. ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య వ్యవస్థలను పరీక్షిస్తే, తెల్ల ఒంటి మగవాళ్ల విషయంలో పొరపాటు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం, నల్ల ఒంటి ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా తేలింది. పోలీసులు కూడా ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడవచ్చా అన్న చర్చలో ఇవాళ్టికీ ఆ అంకెలు వినబడుతుంటాయి.