అంచు చూసి చెప్పొచ్చు

అద్దానికి చిల్లు ఉండదు. వెనక జిగురూ ఉండదు. అయినా పావలా బిళ్ళంత అద్దం ముక్క రవిక చేతి మీద, పేటియా అనే లంగా అంచున, ఉతుకులకూ ఎండకూ ఓర్చుకుని ఏళ్ళ తరబడి కూర్చుని ఉంటుంది. లంబాడీ కుట్టుపనిని మెచ్చుకునేవాళ్ళు చాలామంది రంగుల దగ్గరే ఆగిపోతారు. ఎంత ఎరుపో, ఎంత తళుకో అంటారు. నాకు మాత్రం అద్దం చుట్టూ తిరిగిన ఆ దారం వలయమే అసలు పని అనిపిస్తుంది.

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలం వినుకొండకు అవతల, నల్లమల వారగా ఉంది. మేళ్ళవాగు, గండిగనుముల, రేమిడిచర్ల వైపు వెళ్తుంటే దారి పొడుగునా తండాలు తగులుతాయి. సాగర్ కాలువ నీళ్ళు ఎక్కని మెరక చాలా ఉంది కనక మిరపైనా, పత్తైనా, కందైనా వానదే పెత్తనం. తండాల్లోని సుగాలీల, అంటే లంబాడీల, పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశం తిరిగిన వర్తకులు. రైళ్ళూ రోడ్లూ వచ్చి ఆ బేరాన్ని తుడిచిపెట్టాయి. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాలు ఎన్నో దేశదిమ్మరి జాతులను దొంగల లెక్కలో రాశాయి. ఎద్దులు పోయాయి, బిడారులు పోయాయి. సూది మాత్రం ఇంట్లో మిగిలింది.

ఆ సూది ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. ఎడమచేతి బొటనవేలితో అద్దాన్ని గుడ్డకు అదిమి పడతారు. సూది కిందినుంచి పైకొచ్చి, దారాన్ని అద్దం మొహం మీదుగా దాటించి అవతలి పక్క దిగుతుంది. అలాంటి దారాలు రెండు అడ్డంగా, రెండు నిలువుగా. నిలువు దారం అడ్డదారాన్ని దాటేచోట దాని చుట్టూ ఒక మెలిక వేసుకుని పోతుంది. దాంతో అద్దం మీద ఒక చట్రం, మధ్యలో చదరపు కిటికీ ఏర్పడతాయి. కొందరు ఏటవాలుగా మరికొన్ని దారాలు వేస్తారు. తిరకాసంతా ఇక్కడే ఉంది. చట్రాన్ని అద్దం అంచుకు దగ్గరగా వేస్తే చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది కానీ బిళ్ళ జారిపోతుంది. అందుకని నడిమికి దగ్గరగా, అద్దాన్ని సగం కప్పేసినట్టుగా, బిగించి వేస్తారు.

తర్వాత సూది చట్రం దారం కింద దూరి, దాన్ని బయటికి లాగి, అద్దం పక్కనే గుడ్డలో చిన్న కుట్టు పట్టి, తన ఉచ్చులోంచి తానే బయటికొస్తుంది. మళ్ళీ చట్రం కిందికి, మళ్ళీ గుడ్డలోకి. అలా చుట్టూ తిరిగి వచ్చేసరికి చదరపు కిటికీ గుండ్రమైపోతుంది. చట్రం లోపలికి లాగుతుంది, వలయం బయటికి లాగుతుంది. ఆ రెండిటి పంతం మధ్య అద్దం కదల్లేక ఉండిపోతుంది. మొదటి నాలుగు దారాలు వదులైతే ఆ పైన ఎంత ముద్దుగా చుట్టినా దండగ. పని పూర్తయ్యాక ఆ నాలుగూ కంటికి కనబడవు కూడా.

అద్దాల మధ్య జాగాను నింపే కుట్లకు గీసిన ముగ్గేమీ ఉండదు. నేతలోని పడుగూ పేకా పోగుల్ని కంటితో లెక్కపెట్టుకుంటూ పోవడమే. ముతక నూలు గుడ్డ మీద ఈ లెక్క సులువు. ఇప్పటి నున్నటి పాలిస్టరు మీద పోగు కనిపించదు, కుట్టు వంకర పోతుంది. పాత పేటియాల్లో కనిపించే ఆ కుట్టు తీరు కొత్తవాటిలో లేదంటే చేతిని తప్పుపట్టే ముందు గుడ్డను చూడాలి.

ఇంత శ్రమ పండగ బట్టలకే అయితే ఆశ్చర్యపోనక్కర్లేదు. నీళ్ళు మోసే చుట్టకుదురుకు కూడా చేసేవాళ్ళు. కుదురు చుట్టూ గవ్వలు, దాన్నుంచి మెడ వెనక్కి వేలాడే కుట్టుపని గుడ్డముక్క. బిందె మోస్తూ పోతున్న మనిషిని వెనకనుంచి వచ్చేవాళ్ళు చూస్తారు కదా, ఆ చూసేవాళ్ళ కోసమన్నమాట. నీళ్ళకు దూరం నడవాల్సిన మెరక ఊళ్ళలో ఇంతకన్నా ఎక్కువగా వాడే వస్తువు ఇంకేముంటుంది? ఒకప్పుడు బెంగాల్లో, ఒడిశాలో డబ్బుగా చెల్లిన గవ్వలే ఇక్కడ మూపు తీసేసుకుని వరసగా కుట్టించుకున్నాయి. చెల్లని నాణేలకూ బట్టల మీద చోటు దొరికింది.

ఇక ఆ చేతులే పనిచేసే తండా పొయ్యి దగ్గరికి వద్దాం. జొన్నరొట్టెనూ నేను పనితనంలోనే లెక్కేస్తాను. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. చన్నీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. కాగిన ఎసరు పోసి, చెయ్యి ఓర్చుకునే వేడి మీద అరచేతి కింది భాగంతో మర్దిస్తేనే అతుక్కుంటుంది. ఒక రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని పీట మీద తడతారు. కుడి అరచెయ్యి తడుతుంటే ఎడమ అరచెయ్యి అంచుకు కాపలా కాస్తుంది. తట్టిన ప్రతిసారీ రొట్టె కొంచెం తిరుగుతుంది. అంచు పగిలిందా, తడివేలితో వెంటనే పూడ్చాలి. పెనం మీద వేశాక పైన నీళ్ళు రాసి పొడిపిండిని అణచి, తడి ఆరగానే తిప్పి, చివరికి నిప్పుల వార నిలబెడతారు. లోపలి ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే పొంగుతుంది. అంచున వెంట్రుకంత నెర్రె ఉన్నా పొంగదు. అద్దాన్ని నిలబెట్టేదీ రొట్టెను పొంగించేదీ ఒకే జాగ్రత్త. ఆ పొంగిన రొట్టెకు పండుమిరపకాయ పచ్చడి తగిలితే మిగతా వ్యాసం తర్వాత చదువుకోవచ్చు.

ఈ పనులు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అమ్మ కుడుతుంటే పక్కన కూర్చున్న పిల్లకు ముందు సూదిలో దారం ఎక్కించే పని దక్కుతుంది, తర్వాత చిన్న పీలిక, తర్వాత సంచి. వెనకటి రోజుల్లో పెళ్ళికూతురి వెంట వెళ్ళే బట్టల్లో ఆమె సొంత చేతిపనీ ఉండేది. ఇప్పుడు నిత్యం పేటియా, కాంచళి (రవిక) కట్టేవాళ్ళు ముసలివాళ్ళే. చిన్నవాళ్ళవి చీరలు, పంజాబీ డ్రెస్సులు. తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్‌కో, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికో పెట్టెలోంచి పాత బట్టలు బయటికొస్తాయి.

పొరుగు రాష్ట్రాల్లో ఈ సూదికి మరో దారి దొరికింది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జీ-20 సమావేశం జరిగినప్పుడు సండూరు లంబాణీ ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ పుస్తకానికెక్కింది. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో డాక్టర్ లలితా రెజీ అండతో 2006లో ‘పోర్గై’ సంఘం మొదలైంది. అప్పటికి అక్కడ ఈ కుట్లు తెలిసినవాళ్ళు వయసు మళ్ళిన ఒకరిద్దరే. పల్నాడు తండాలకు అలాంటి పేరు రాలేదు. రికార్డుల మీద నాకు పెద్ద మోజు లేదు గానీ, కుట్టిన మనిషికి కూలి గిట్టే దారి దొరకడం చిన్న విషయం కాదు.

బజారులో ఇప్పుడు అద్దాల పనంటే ప్లాస్టిక్ బిళ్ళ అంటించి చుట్టూ మిషను కుట్టు వేసినదే ఎక్కువ. కొనేవాళ్ళు అద్దాలు లెక్కపెట్టి బేరమాడతారు. తండాలో చేత్తో కుట్టిన ముక్క దొరికితే ఆ లెక్క వదిలేసి గుడ్డను వెనక్కి తిప్పండి. ముడులు కనబడకుండా, కుట్లు ఒకే ఎడంతో పోయి ఉంటే బేరం అక్కడే ఆపేసి, చెప్పిన ధర ఇచ్చేయండి.