కొండగోగు బంక, నానోకణం: తెలుగు వైజ్ఞానిక వచనంలో పదం - పదార్థం

వ్యాససంగ్రహం: సహజ పాలిమర్లతో తయారయ్యే ఔషధవాహక నానోకణాలను తెలుగులో వివరించేటప్పుడు ఎంచుకునే పేరు, పారిభాషికపదం, రూపకం విషయాన్ని ఎంతవరకు అందిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కొండగోగు, తపసి బంక, నానోకణం, పారిభాషికపదం, రూపకం.

1. ఉపోద్ఘాతం:
విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం స్ఫురిస్తాయి. గిరిజనులు సేకరించే తపసి బంకను కొనుగోలు చేసే గిరిజన సహకార సంస్థకు కూడా ఈ నగరమే కేంద్రం. ఆ సంస్థ 1956లో ఏర్పడింది. చెట్టు నుంచి స్రవించే బంక రసాయనశాస్త్ర దృష్టిలో చక్కెర అణువులు గొలుసుగా కూడిన సహజ పాలిమర్. ఔషధవాహక పరిశోధనకు ఇటువంటి బంకలు ముడిసరుకు.

2. పేరు:
తపసి బంక శాస్త్రపత్రాలలో ‘గమ్ కరాయ’గా స్థిరపడింది, దాని తెలుగుపేరు అక్కడికి చేరలేదు. కొండగోగు విషయం వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో దాని రసాయనస్వరూపాన్ని ప్రకటించినప్పుడు ‘గమ్ కొండగోగు’ అనే వ్యవహరించారు. 2013లో హర్యానాలోని హిస్సార్ పరిశోధకులు దానితో నానోకణాలను రూపొందించినప్పుడూ ఆ పేరే నిలిచింది. ఆంగ్లపత్రం నిలుపుకున్న తెలుగుమాటను తెలుగు వ్యాసం ‘సహజ పాలిమర్’ అనే జాతివాచకంలో కలిపివేస్తే చెట్టు, అడవి, సేకరించిన చేయి మూడూ మరుగునపడతాయి.

3. పారిభాషికపదం:
ఇటువంటి బంకను ‘రూపాంతరిత పాలిమర్’ అనడం సంస్కృతసమాసంగా నిర్దుష్టమే, కాని అర్థంలో లోపముంది. ఇక్కడ మారేది రూపం కాదు. బంకగొలుసుపై ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలలో కొన్నింటికి కార్బాక్సీమిథైల్ సమూహాలను జతచేస్తారు. దానితో బంకకు రుణావేశం పెరుగుతుంది. రొయ్యపెంకుల నుంచి లభించే కైటోసాన్ ఆమ్లద్రావణంలో ధనావేశం వహిస్తుంది. రెండింటినీ తగిన పాళ్లలో కలిపితే పరస్పరాకర్షణ వల్ల నానోకణాలు ఏర్పడతాయి. ‘రసాయనికంగా సవరించిన బంక’ అన్నప్పుడు ఈ ప్రక్రియ పాఠకునికి అందుతుంది.

4. రూపకం:
మందు గురి తప్పదని చెప్పడానికి తెలుగులో ‘రామబాణం’ సిద్ధంగా ఉంది. నానోకణానికి ఆ పోలిక అతిశయోక్తి. రేవుకు సరుకు చేర్చే ఓడతో పోల్చినా సగమే సరిపోతుంది. ఓడకు చుక్కాని ఉంటుంది. నానోకణం రక్తప్రవాహం వెంట సాగుతుంది. కాలేయం, ప్లీహం దానిని చాలావరకు మధ్యలోనే పట్టివేస్తాయి. పదేళ్ల ప్రయోగఫలితాలను పరిశీలించిన 2016 నాటి ఒక సమీక్ష ప్రకారం, శరీరంలోకి ఎక్కించిన నానోకణాలలో క్యాన్సర్ కంతిని చేరిన వాటి మధ్యగత విలువ 0.7 శాతమే. ఈ సంఖ్యను దాచే రూపకం సాహిత్యదోషంతో ఆగదు. చికిత్సకోసం ఎదురుచూసే రోగికి లేని ఆశ కల్పిస్తుంది.

5. ముగింపు:
వైజ్ఞానిక వచనాన్ని సరళత ఒక్కదానితోనే తూచడం చాలదు. పేరు మూలాన్ని చూపాలి, పారిభాషికపదం ప్రక్రియను తెలపాలి, రూపకం తన హద్దును తానే చెప్పుకోవాలి. ఈ మూడూ కుదిరినచోటనే పదం పదార్థాన్ని మోస్తుంది. ప్రపంచశాస్త్రానికి ‘కొండగోగు’ను ఇచ్చిన భాషకు ఇది అసాధ్యం కాదు.